చిన్న ఇంటిలో చోటు: స్వల్ప వ్యయముతో సామగ్రిని భద్రపరచుకొను విధము

సంక్రాంతి నాటికి సార్వా పంట ఇల్లు చేరును. వడ్ల బస్తాలు, కందులు, మినుములు వచ్చును. మాఘ ఫాల్గుణములలో మిరపకాయలు, చింతపండు, వేసవిలో ఏడాదికి సరిపడు ఊరగాయలు వచ్చును. వీనికి తోడు నాగలి సామాను, ఎరువుల సంచులు, పిల్లల పుస్తకములు, పెండ్లికి పెట్టిన ఇత్తడి బిందెలు, ఎవరికిని అక్కరలేకున్నను పారవేయ మనసొప్పని పాత వస్తువులు ఎటులును ఉన్నవే. అప్పుడు ప్రతి ఇంటను వినవచ్చు మాట ఒక్కటే: "ఇల్లు చాలుట లేదు."

ఇల్లు చిన్నదగుట వాస్తవమే. 2016 లో అమలునకు వచ్చిన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస పథకమున ఇంటి కనీస వైశాల్యమును వంటచేయు చోటుతో కలిపి 25 చదరపు మీటర్లుగా నిర్ణయించిరి. అనగా సుమారు 270 చదరపుటడుగులు. అంతకుముందు అది 20 చదరపు మీటర్లే. ఇందులో రెండు మంచములు వేసి, నాలుగు బస్తాలు దించి, ఒక పెట్టె పెట్టిన పిమ్మట నడచుటకు దారి మిగులుట కష్టమే. కాని మనము ఇంటిని కొలుచునపుడు నేలను మాత్రమే కొలుచుచున్నాము. గోడలను, పైకప్పు క్రింది ఖాళీని లెక్కలోనికి తీసికొనుట లేదు. మన పెద్దలు తీసికొనెడివారు.

పాత మట్టి ఇంటి గోడ మూరెడు మందము ఉండెడిది. అందు దీపమునకొక గూడు, దేవునికొక గూడు, వంటింట ఉప్పు కారములకు రెండు గూళ్లు కట్టునపుడే విడిచెడివారు. దూలముల మీద బద్దలు పరచి అటక వేసెడివారు. పాలు, పెరుగు, వెన్న పిల్లికి అందకుండ ఉట్టి మీద ఉండెడివి. బట్టలకు దండెము, గొడుగునకు తలపాగకు చిలుకకొయ్య. నేలపై ఉండునవి బాన, రోలు, తిరుగలి వంటి బరువు వస్తువులు మాత్రమే. కొంతకాలము క్రిందట ఒక గ్రామమున క్రొత్తగా కట్టిన ఇండ్లను చూడబోయినపుడు ఒక వృద్ధురాలు నాతో ఇట్లనెను: "ఇల్లు బాగానే ఉంది నాయనా, వాన కురవదు. కానీ మా పాతింటి గోడలకి గూళ్లుండేవి. ఈ గోడలకి ఏమీ లేవు. ఎక్కడ పెట్టుకోమంటావు?" ఆమె ఇంటిలోనికి తొంగిచూచితిని. ఉప్పు డబ్బా మొదలు మనుమరాలి బడిసంచి వరకు సమస్తమును నేలపైననే ఉన్నది. సిమెంటు ఇల్లు గట్టిదే కాని, కట్టువారును కట్టించుకొనువారును గూటిని మరచిరి.

కావున ఇల్లు ఇంకను కట్టవలసి ఉన్నవారు గోడ లేవక పూర్వమే తాపీమేస్త్రీతో ఈ మాట చెప్పవలెను. తొమ్మిదంగుళముల ఇటుక గోడలో నాలుగున్నర అంగుళముల లోతు గూడు విడిచినచో అదనపు ఖర్చు లేదు. ఇటుక కొంత మిగులును కూడ. వానజల్లు కొట్టు గోడలోను, మూలలకు దగ్గరగాను, దూలము ఆనుచోటను మాత్రము గూడు పెట్టరాదు. వంటింట తలుపు పైకమ్మి ఎత్తున రెండడుగుల వెడల్పు అటకబిళ్ల ఒక గోడ పొడవున పోయించుకొనుట మంచిది. ఇది తరువాత చేయవలెనన్న చాల ఖర్చగును. కట్టునపుడు చేసినచో కొద్ది సిమెంటు, కొద్ది ఇనుముతో పోవును.

ఇల్లు కట్టుట ముగిసినవారికిని మార్గము కలదు. పదడుగుల వెడల్పు, పండ్రెండడుగుల పొడవు గల గదిని తీసికొందము. నేల 120 చదరపుటడుగులు. ఈ గది మూడు గోడలకు ఏడడుగుల ఎత్తున అడుగు వెడల్పు బల్ల కొట్టించినచో, మూలలు పోగా, 32 చదరపుటడుగుల చోటు లభించును. అనగా నేలలో నాల్గవ వంతుకు మించిన చోటు, నడకకు అడ్డు లేకుండ, క్రొత్తగా పుట్టినదన్నమాట. ఇనుప బ్రాకెట్లపై పాత తలుపు చెక్కలైనను, కడప బండలు చవుకగా దొరకు తావుల సన్నని బండలైనను వేయవచ్చును. ఆ బల్లపై తేలికపాటి వస్తువులనే ఉంచవలెను: ఖాళీ డబ్బాలు, చాటలు, పండుగ నాటి పాత్రలు, కంబళ్లు. మంచము వేయు గోడకు ఎగువన బల్ల వద్దు. నిదురించువారి తలపై బిందె పడుట ఎవరికిని ఇష్టము కాదు గదా!

బల్ల కొట్టించుటకు ముందు ఇంటిలోని వస్తువులను ఒకసారి వాకిటిలోనికి తెచ్చి చూచుకొనుట అవసరము. చిల్లు పడిన బక్కెట్లు, విరిగిన కుర్చీలు, పేరు చెరిగిన మందుసీసాలు అప్పుడు బయటపడును. ఏడాదిలో ఒక్కసారియైన చేతికి రాని వస్తువునకు ఇంటిలో చోటిచ్చుటయో మానుటయో ఇంటివారే నిర్ణయించుకొందురు గాక. రోజును వాడునవి చేతికందు ఎత్తునను, నెలకొకసారి వాడునవి పైనను ఉండినచో వెదకులాట తగ్గును. వంటచెరకును, పిడకలను ఇంటిలో పెట్టరాదు. తేళ్లకు అంతకంటె అనుకూలమైన నివాసము లేదు. బయట చూరు క్రింద, అడుగెత్తు రాళ్లపై పేర్చుట మేలు.

ఇక ధాన్యము మాట. ఇంటి సామగ్రిలో విలువైనది, చోటు ఎక్కువ ఆక్రమించునది, చెడిపోవునది ఇదియే. పూర్వము కోస్తా గ్రామములలో గడ్డి వెంటి చుట్టి పురి కట్టెడివారు. వెదురు దబ్బలతో అల్లి పేడ, మట్టి మెత్తిన గాదెలు, గుమ్ములు అనేక గ్రామములలో ఉండెడివి. నేల ఎండి ఉండు మెట్ట తావుల పాతర వేసెడివారు. ఇవన్నియు ఆ యా నేలకు, వానకు తగినట్లు ఏర్పడినవే. నేటి చిన్న ఇంటిలో వీనికి చోటు లేదు. బస్తాలలోనే ఉంచుచున్నాము. బస్తాను ఎలుక ఒక్క రాత్రిలో కొరుకును. నేల తేమ అడుగు నుండి ఎక్కును. గోడ తేమ ప్రక్క నుండి ఎక్కును. ఎలుకల వెంట పాములు వచ్చుట గ్రామవాసులకు చెప్పనక్కరలేదు. కట్లపాము రాత్రివేళ నేలపై నిదురించువారినే ఎక్కువగా కరచుచున్నది. కావున ధాన్యమున్న గదిలో నేలపై పడక వద్దు.

బస్తాలలోనే ఉంచవలసి వచ్చినచో రెండు మొద్దులపై చెక్కలు పరచి, గోడకు మూరెడు ఎడముగా పేర్చవలెను. ఆ సందు వ్యర్థమని కొందరు తలంతురు. గాలి ఆడుటకును, చీపురు పోవుటకును, ఎలుక కలుగు కనిపించుటకును ఆ సందే ఆధారము. పాత గోనెసంచుల కుట్లలో పురుగు గ్రుడ్లు దాగి ఉండును గనుక మరుగునీట ముంచి, ఎండలో బాగుగ ఆరవేసిన పిమ్మటనే తిరిగి వాడవలెను.

మూత గట్టిగా బిగియు రేకు డ్రమ్ము గాని, ఆహార పదార్థములకు తగిన ప్లాస్టిక్ డ్రమ్ము గాని బస్తాకంటె మేలైనది. 200 లీటర్ల డ్రమ్ములో సుమారు 110 కిలోల వడ్లు, లేదా 150 కిలోల బియ్యము పట్టును. రెండడుగుల వెడల్పు చోటు చాలును. మూతపై పలక వేసికొన్నచో పీటగా కూడ ఉపయోగపడును. అయితే డ్రమ్ము కొన్నంతమాత్రమున పని తీరలేదు. తడి తీరని ధాన్యమును మూసివేసినచో బస్తాలోకంటె త్వరగా ముక్కిపోవును. వడ్లలో తేమ నూటికి 14 పాళ్లకును, పప్పు గింజలలో పదింటికిని మించరాదు. తేమ కొలుచు యంత్రము అందుబాటున లేనివారు పంటితో కొరికి చూతురు. గింజ నలిగినచో ఇంకను ఎండవలెను. టక్కున విరిగినచో చాలును. ఎండలో నుండి తీసిన వేడి గింజను వెంటనే డ్రమ్ములో పోయరాదు. రాత్రి లోపల చల్లబడునపుడు మూతకు చెమటపట్టి నీరు గింజపైననే పడును. సాయంత్రము నీడకు చేర్చి, చల్లారిన పిదప నింపవలెను.

కందులు, పెసలు, అలసందల గతి వేరు. వీనికి పట్టు పుచ్చుపురుగు చాలవరకు పొలములోనే కాయపై గ్రుడ్డు పెట్టి గింజతోపాటు ఇల్లు చేరును. గింజపై తెల్లని చుక్క వలె అంటియుండునదే గ్రుడ్డు. దాని నుండి వెడలిన పురుగు లోనికి తొలిచి, పప్పును తిని, నెల తిరుగునప్పటికి గుండ్రని రంధ్రము చేసికొని పైకి వచ్చును. వచ్చిన ఆడపురుగు మరల పదుల కొలది గ్రుడ్లు పెట్టును. సంక్రాంతికి నిండుగా ఉన్న గింజ ఉగాదికి డొల్లయగుటకు కారణమిదే. కందిపప్పునకు ఆముదము పట్టించు మన గృహిణుల ఆచారము శాస్త్రసమ్మతమైనది. కిలోకు అయిదు మిల్లీలీటర్ల నూనె సమముగా పట్టినచో గ్రుడ్లు చాలవరకు నశించును. గింజలపై నాలుగు వ్రేళ్ల మందము పొడి ఇసుక పోయు పద్ధతియు అట్టిదే. వేపాకు వేయువారు నీడన ఎండిన ఆకునే వేయవలెను. పచ్చి ఆకు తేమను తెచ్చును.

దీనికంటె బలమైన ఉపాయము ఎండలోనే ఉన్నది. 57 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో ఒక గంట ఉండినచో ఈ పురుగు గ్రుడ్డు మొదలు రెక్కల పురుగు వరకు ఏ దశలోను బ్రతుకజాలదు. నేలపై ఎండుగడ్డి పరచి, దానిపై నల్లని పాలిథిన్ వేసి, గింజను అంగుళము మందమున పోసి, పైన పారదర్శకమైన పాలిథిన్ కప్పి అంచులకు రాళ్లు పెట్టవలెను. వేసవి మధ్యాహ్నము రెండు మూడు గంటలలో లోపల అంత వేడి పుట్టును. విత్తనమునకు ఉద్దేశించిన గింజను మాత్రము ఈ విధముగా వేడిచేయకుండుట క్షేమము. ఇట్లు శుద్ధిచేసిన గింజను మూత బిగియు డబ్బాలలో అంచు వరకు నింపవలెను. డబ్బా నిండుగా ఉన్నచో లోపల గాలి తక్కువ. మిగిలిన పురుగులు ఆ కొద్ది గాలిలోని ప్రాణవాయువును వాడివేసి తామే నశించును. అందుచేత ఒక్క పెద్ద డబ్బాకంటె నాలుగు చిన్న డబ్బాలు మేలు. ఒకటి తెరచి వాడుచుండగా తక్కిన మూడును మూసియే ఉండును. మాటిమాటికి మూత తీసి చూచుట అత్తగార్లకు, కోడండ్లకు సమానమైన అలవాటు. దానిని రెండు నెలల పాటు నిగ్రహించుకొనవలెను.

వేరుసెనగలను కాయలుగానే ఉంచవలెను. బూజు పట్టిన పప్పును, నల్లబడిన మిరపకాయను కడిగి వాడుదమను పొదుపు కూడదు. ఆ బూజు విడుచు అఫ్లటాక్సిన్ అను విషము వేయించినను, ఉడికించినను పూర్తిగా పోదు.

ఇంత శ్రమ ఎందుకు, బస్తాల నడుమ మాత్రలు పెట్టిన చాలునుగదా అనువారు కలరు. ఆ అల్యూమినియం ఫాస్ఫైడు మాత్రలు గాలిలోని తేమ తగిలినంతనే ఫాస్ఫీన్ అను ప్రాణాంతక వాయువును విడుచును. దానికి విరుగుడు లేదు. మనుష్యులు నిదురించు ఇంటిలో వానిని ఎన్నడును వాడరాదు. శిక్షణ పొందినవారు మూసిన గోదాములలో వాడుటకు ఏర్పడిన వస్తువది.

ఈ సందర్భమున, సామాను సర్దుటలో తక్కిన అన్నిటికంటె ముఖ్యమైన విషయమును చెప్పవలసియున్నది. చోటు తక్కువైన ఇంటిలో విషమును, తిండియు ఒకే మూలకు చేరును. బియ్యపు డబ్బా ప్రక్కన పురుగుమందు సీసా, దాని ప్రక్కన పసుపు డబ్బా ఉన్న ఇండ్లను నేను అనేకము చూచితిని. ఇతరుల ఇండ్ల మాట ఎందుకు? కొన్నేండ్ల క్రిందట మా ఇంటనే కిరోసిన్ ఒక శీతల పానీయపు సీసాలో పోసి కిటికీలో పెట్టితిమి. సెలవులకు వచ్చిన నాలుగేండ్ల మేనల్లుడు అది షర్బత్తు అనుకొని గుక్కెడు త్రాగెను. ఇంటిలోని పెద్దలు ఉప్పునీరు త్రాగించి వాంతి చేయింపబోయిరి. అదృష్టవశమున పొరుగింటి నర్సు వారించెను. కిరోసిన్ త్రాగినవారికి వాంతి చేయించినచో అది ఊపిరితిత్తులలోనికి దిగి మరింత ప్రమాదమగును. రెండు దినములు ఆసుపత్రిలో ఉండి బాలుడు కోలుకొనెను. ఆ సీసాను కిటికీలో పెట్టినది నేనే. గ్రామగ్రామమునకు తిరిగి జాగ్రత్తలు చెప్పువాని ఇంట జరిగిన పని అది.

అందరికిని అట్టి అదృష్టము ఉండదు. 1958 లో కేరళమున, రవాణాలో పారాథియాన్ అను పురుగుమందు ఒలికి గోధుమపిండిలో కలియగా, దానిని తిని వందమందికి పైగా మరణించిరి. 1968 నాటి పురుగుమందుల చట్టమునకు ఈ దుర్ఘటనయే ముఖ్య ప్రేరణ. ఇది జరిగిన అర్ధ శతాబ్దికి, 2013 జూలై 16 న, బీహారు రాష్ట్రము సారణ్ జిల్లాలోని ఒక గ్రామ పాఠశాలలో మధ్యాహ్న భోజనము చేసిన 23 మంది పిల్లలు చనిపోయిరి. ఆ వంటకు వాడిన నూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు ఉన్నట్లు పరీక్షలలో తేలినది. పురుగుమందు డబ్బాలో నూనె పోసి ఉంచుటయే కారణమని అధికారులు భావించిరి. కుట్ర లేదు, తెగులు లేదు. ఒక డబ్బా, దానిని ఉంచిన చోటు.

అందుచేత పాత డ్రమ్ము చవుకగా దొరకినదని కొనునపుడు అందులో ముందేమి ఉండెనో అడిగి తెలిసికొనవలెను. చెప్పలేనిచో కొనరాదు. రసాయనములుండిన డ్రమ్మును ఎన్ని మార్లు కడిగినను ధాన్యమునకు గాని, నీటికి గాని పనికిరాదు. పురుగుమందు డబ్బాపై వజ్రాకారపు గుర్తు ఉండును. దాని దిగువ సగము ఎరుపైనచో అత్యంత విషము. పసుపు, నీలము, ఆకుపచ్చ వరుసగా అంతకంటె తక్కువవి. ఆకుపచ్చ గుర్తున్నను త్రాగదగినది మాత్రము కాదు. చదువురాని వారికిని, పిల్లలకును ఈ రంగులను చూపి చెప్పవలెను. మందును ఆ సాగునకు అవసరమైనంతే కొనుట మొదటి జాగ్రత్త. మిగిలినచో దాని సీసాలోనే ఉంచి, తాళము గల పాత రేకుపెట్టెలో పెట్టి, ఇంటి వెలుపల నీడగల గోడకు పిల్లల కందని ఎత్తున బిగించవలెను. పశువులపాకలో మేత దగ్గర పెట్టరాదు. మందు పట్టించిన విత్తనములు కూడ విషమే. ఎరుపు రంగు పూసిన ఆ గింజలను మిగిలినవని కోళ్లకు వేయుటగాని, పిండి పట్టించుటగాని చేయరాదు. ఖాళీ సీసాలను మూడుసార్లు కడిగి, ఆ నీటిని పిచికారి తొట్టిలోనే పోసి, సీసాకు పొడుచుకొని చిల్లుచేయవలెను. చిల్లు పడిన సీసాలో ఎవరును నూనె పోయరు.

గ్యాసు సిలిండరును చోటు కలిసివచ్చునని బల్ల క్రింద మూసిన అరలో పెట్టుచున్నారు. ఆ గ్యాసు గాలికంటె బరువైనది. కారినచో నేలపైననే నిలుచును. కావున సిలిండరును నిలువుగా, గాలియాడుచోట ఉంచి, పొయ్యిని దానికంటె ఎత్తున పెట్టవలెను. నీళ్ల తొట్లకు, డ్రమ్ములకు మూత ఉండవలెను. డెంగీ దోమ మంచినీటిలోనే గ్రుడ్లు పెట్టును. గ్రుడ్లు తొట్టి గోడకు అంటుకొని ఎండినను నెలల తరబడి బ్రతికియుండును గనుక వారమునకొకసారి నీరు వంచివేసి, పీచుతో రుద్ది కడుగవలెను.

చివరగా కాగితములు. పట్టాదారు పాసుపుస్తకము, రేషను కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకము, పిల్లల మార్కుల పత్రములు సాధారణముగా ట్రంకుపెట్టె అడుగున, పట్టుచీరల క్రింద ఉండును. దొంగలకు అందకుండ పెట్టిన చోటది. కాని నీరు మొదట చేరు చోటు కూడ అదియే. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలును ముంచినపుడును, 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ ఇండ్లలోనికి వచ్చినపుడును నేలపై ఉన్న పెట్టెలు మొదట మునిగినవి. కాగితములన్నిటిని ఒకే మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, నోరు మడిచి, చిన్న రేకు డబ్బాలో ఉంచి, తలుపునకు దగ్గరగా ఏడడుగుల బల్లపై పెట్టవలెను. వరద వచ్చు రాత్రి చేతికి తీసికొని పోవలసినది ఆ ఒక్క డబ్బాయే. అది ఎక్కడ ఉన్నదో ఇంటి యజమానికి మాత్రమే తెలిసిన చాలదు. ఇల్లాలికిని, ఎదిగిన పిల్లలకును తెలియవలెను. ఆ కాగితముల సంఖ్యలను వేరొక కాగితముపై వ్రాసి, పొరుగూరిలోని తోబుట్టువుల ఇంట ఒక ప్రతిని ఉంచినచో పోయిన పత్రములను తిరిగి పొందుటకు కార్యాలయములలో పని సులభమగును.